సారెలో వచ్చిన వెండికాళ్ల ఈగలు

"మీ ఆయన ఏం పని చేస్తడు?" అని అడిగితే కొత్త పెళ్లికూతురు తల వంచుకొని మెల్లగా జవాబు చెప్పాలి. కమలకు సిగ్గు వచ్చేలోపే నవ్వు వచ్చేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "ఈగలను పీలుస్తడు" అనేది. అడిగినవాళ్లు తెల్లమొహం వేస్తే ఆమెకు ఇంకాస్త నవ్వు వచ్చేది.

అందులో అబద్ధమేమీ లేదు. సారంగపాణి కీటకాల సర్వేలో ఉద్యోగి. అతని చేతిలో ఎప్పుడూ ఒక గాజు గొట్టం, దానికి తగిలించిన రబ్బరు పైపు ఉండేవి. రెంటికీ మధ్య సన్నని గుడ్డ అడ్డం. గోడ మీద ఈగ కూర్చున్న చోట గొట్టం ఆనించి, పైపు కొస నోట్లో పెట్టుకొని సుతారంగా ఊపిరి పీలిస్తే ఈగ వచ్చి గాజులో పడుతుంది. పెళ్లిచూపుల్లో మాత్రం మధ్యవర్తి "సర్కారు నౌకరి, సైన్సు లైను" అని ఊరుకున్నాడు.

ఆ ఈగ మన అన్నం మీద వాలే ఈగ కాదు, ఇసుక ఈగ. దోమలో పావు వంతు ఉంటుంది. రెక్కలు రెండూ పైకెత్తుకొని కూర్చుంటుంది. ఎగరడం దానికి సరిగ్గా రాదు, గంతులు వేస్తుంది. తేమగా ఉండే మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో కాపురముంటుంది. వాటిలో ఒక జాతికి కాళ్లు వెండిలా తెల్లగా మెరుస్తాయి. ఆ ఏడు, అంటే డెబ్బై ఎనిమిదిలో, బీహారులో జనాన్ని పట్టి పీడిస్తున్న కాలా అజార్ జ్వరాన్ని ఒకరి నుంచి ఒకరికి మోసేది ఆ వెండికాళ్లదే. మన జిల్లాలో జ్వరం లేదు. కానీ దాన్ని మోసే ఈగ ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని పటం మీద గుర్తు పెట్టడం సారంగపాణి పని.

బీయెస్సీలో జువాలజీ చదివిన కమలకు ఈ సంగతి తెలిసిన నాడు తన కాళ్లకున్న కొత్త వెండి మట్టెలు చూసుకొని, "అయితే నన్ను గూడ పట్టుకొని గుర్తు పెట్టుకున్నరన్నట్టు" అంది. సారంగపాణి ఆ రోజంతా గొట్టాన్ని తిరగేసి నోట్లో పెట్టుకుంటూనే ఉన్నాడు.

హనుమకొండ సుబేదారిలో లింగమ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకొని శ్రావణమాసంలో కాపురం పెట్టారు. కమలకు ఆ గదిలో నచ్చనిది లేదు. కిరోసిన్ స్టవ్వు బుస్సుమంటే నచ్చేది. కొత్త బకెట్టులో నీళ్లు పడుతుంటే మారే చప్పుడు నచ్చేది. వంకాయ కూర చేసి ఒక గిన్నెడు లింగమ్మకు పంపితే, ఆ గిన్నె బెల్లంగడ్డతో తిరిగి వచ్చింది. "ఎవరిదన్న గిన్నె ఉత్తగ తిరిగియ్యద్దు బిడ్డా, అరిష్టం" అంది లింగమ్మ. ఆ బెల్లంగడ్డను కమల కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ వారమంతా తిన్నది.

ఆఫీసు గోడలు వానకు చెమ్మగిల్లుతున్నాయని జిల్లా పటాన్ని సారంగపాణి ఇంటికి తెచ్చి మంచం పైన గోడకు తగిలించాడు. వెండికాళ్ల ఈగ దొరికిన ఊరికి ఎర్ర గుండుసూది, దొరకని ఊరికి తెల్ల గుండుసూది. గోదావరి వైపు ఊళ్లలో ఎర్రవి అక్కడక్కడా ఉన్నాయి. వరంగల్, హనుమకొండ చుట్టూ మల్లెతోటలా అన్నీ తెల్లవే. సారంగపాణి తన కంటితో చూడనిదే సూది గుచ్చేవాడు కాదు. గుళ్లో ప్రమాణం చేసినవాడికి కూడా అంత నిష్ఠ ఉండదు.

ఒక్క తొర్రూరుకు మాత్రం ఏ సూదీ లేదు. కారణం కమలే. అది ఆమె పుట్టిన ఊరు. పెళ్లికి ముందు అక్కడికి పోవడానికి అతనికి వీలు పడలేదు. పెళ్లయ్యాక ఊరు ఊరంతా అత్తగారిల్లు అయిపోయింది. గొట్టం పట్టుకొని ఏ వాకిట్లో అడుగుపెట్టినా "అల్లుడొచ్చిండు" అని మంచం వాల్చేవారు, కొత్త దుప్పటి పరిచేవారు, కోడిని కోసేవారు. కొట్టం వైపు కన్నెత్తి చూస్తే చాలు, "గా పెండల నువ్వెందుకు బిడ్డా, మా ఇజ్జత్ పోదా!" అని చెయ్యి పట్టుకొని వెనక్కి లాక్కొచ్చేవారు. రెండుసార్లు పోయి, రెండుసార్లూ కడుపు నిండా తిని, ఒక్క ఈగనూ చూడకుండా తిరిగి వచ్చాడు. చూడని చోట తెల్ల సూది కూడా గుచ్చకూడదు కాబట్టి తొర్రూరు అలా బోసిగా ఉండిపోయింది. ఇక ఆషాఢమంతా పుట్టింట్లోనే ఉన్న కమలకు ఆ నెలలో ఈగలు గుర్తుకు రాలేదు. ఈగలు పట్టే మనిషే గుర్తుకు వచ్చాడు.

కాపురం పెట్టి పట్టుమని పది రోజులు కాకముందే పిడుగు పడింది. హైదరాబాదు నుంచి వచ్చిన పై అధికారి రాజేశ్వర్ రావు పటం చూసి పెదవి విరిచాడు. సన్నగా, పొడుగ్గా, మడిచిన గొడుగులా ఉండే మనిషి ఆయన. గోదావరి వైపుకు వేరే మనిషి ఉన్నాడు, ఈగలే లేని ఊళ్లో ఈగల మనిషికి జీతం ఎందుకన్నాడు. వానాకాలం పోయేలోపు ఇక్కడ వెండికాళ్లది కనిపించకపోతే సారంగపాణిని బీహారు పంపుతామన్నాడు. అక్కడ టెంట్లలో ఉండాలి. టెంట్లలో పెళ్లాలకు చోటు లేదు.

"ఎన్నాళ్లు?" అని అడిగింది కమల.

"జ్వరం తగ్గేదాకనట."

"జ్వరం తగ్గకపోతే?"

సారంగపాణి పటం వైపు తిరిగాడు. పటంలో బీహారు లేదు. గోడ మీద, పటం దాటి పైకి, బల్లి కూర్చున్న చోటు చూపించాడు. అంత దూరమన్నమాట. ఆ రోజు మొదటిసారి స్టవ్వు బుస్సుమన్నా కమలకు నచ్చలేదు.

మరునాటి నుంచి మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి వేటకు బయలుదేరారు. కొత్త జంటలు వేయిస్తంభాల గుడికి పోయే వేళకు వీళ్లు సైకిలెక్కి గొడ్ల కొట్టాలకు పోయేవారు. సారంగపాణి గోడకు గొట్టం ఆనిస్తే కమల టార్చి పట్టేది. గేదెలు ఇద్దరినీ ఎగాదిగా చూసేవి. ఒక గేదె కమల జడలోని మల్లెపూలు తినేసింది. దోమలు దొరికాయి, సాలీళ్లు దొరికాయి, ఇసుక ఈగలూ దొరికాయి. కానీ అన్నీ మట్టిరంగు కాళ్లవే.

"తెల్లగ లేవా? జర మంచిగ చూడండి" అని బతిమిలాడేది కమల, మార్కెట్లో చీర బేరం చేస్తున్నట్టు.

"కాళ్లు నేను తెలుపు చేయలేను కదా" అనేవాడు సారంగపాణి. అలా అన్నాక ఇద్దరూ నవ్వేవారు. నవ్వాక ఇంకో కొట్టానికి సైకిలు తిప్పేవారు.

నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడినప్పుడు కమల మనసు ఆగక లింగమ్మకు అంతా చెప్పేసింది. లింగమ్మకు చెప్పడమంటే వాడకట్టుకంతా చెప్పడమే. కబురు అంతటితో ఆగలేదు. లింగమ్మ తమ్ముడు తొర్రూరు బస్సుకు కండక్టరు. టిక్కెట్లు కొడుతూ కొడుతూ ఆ కబురును అతను మగ్గం నేసే కమల తండ్రి కట్టయ్యకు చేరవేశాడు. "మీ అల్లునికి ఈగలు దొరుకుతలెవ్వట. దొరక్కపోతే నౌకరి బీహారుకు పోతదట. నువ్వుగింజంత ఉంటదట, రెక్కలు పైకి లేపుకొని కూసుంటదట, కాళ్లు తెల్లగుంటయట."

"ఓరి దీని పాడుగాను!" అన్నాడట కట్టయ్య. "మా బర్రె కొట్టంల గోడంత గవ్వే గదనే!"

శ్రావణమాసంలో ఆఖరి శుక్రవారం కమల తల్లిదండ్రులు సారె తెచ్చే రోజు. సారంగపాణి ములుగు వైపు సర్వేకు పోయి ఉన్నాడు. కమల పొద్దున్నే రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకొని, అరచేతులు ఆకాశానికి చూపిస్తూ పీట మీద కూర్చుంది. లింగమ్మ, వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ చేరారు. అంతలో రిక్షా దిగారు కట్టయ్య, పోశవ్వ. గంపలో సకినాలు, ఇంకో గంపలో లడ్డూలు, చీర, రవికె, పసుపు కుంకుమలు. అన్నిటికంటే చివర, ఒళ్లో పసిపిల్లను దించినంత జాగ్రత్తగా, కట్టయ్య ఒక కల్లు లొట్టి దించాడు. లొట్టికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మూతికి తెల్లని గుడ్డ బిగించి కట్టారు.

"ఏంది నాయినా అది?" అంది కమల.

"నీ కాపురం బిడ్డా" అన్నాడు కట్టయ్య. "దోమతెర కట్టితే కన్నాలల్లకెల్లి బయటపడతయని, పోగుకు పోగు ఆనించి దగ్గర నేసిన గుడ్డ కట్టిన. ఒక్కటంటే ఒక్కటి పోలే."

కమల గుడ్డకు చెవి ఆనించి విన్నది. ఏమీ వినిపించలేదు. ఇసుక ఈగ పాట పాడదు. లొట్టిని వెలుతురు వైపు తిప్పించి, సన్నపోగుల గుడ్డలోంచి చూస్తే లోపల గోడ నిండా నువ్వులు చల్లినట్టు ఉంది. నువ్వులు గంతులు వేస్తున్నాయి.

"ఎట్ల పట్టినవే నాయినా?"

"మగ్గం మీద నాడె కన్నంలకెల్లి పోగును నోటితోని పీలుస్తమా లేదా? గదే పీలుసుడు. నూలైపోయిన ఒట్టి కండె గొట్టానికి గుడ్డ సుట్టిన, పీల్చిన, ఊదిన. అల్లుడు కొట్టంల దూరితే ఇజ్జత్ గాదు గని మామ దూరితే ఏమైతది?"

కమలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నాయినా, తొర్రూరు ఈగలు సుబేదారి లెక్కకు రావు. ఏ గోడ మీద పుట్టిందో ఆ గోడ లెక్కే."

"ఈగ నెత్తి మీద ఊరు పేరు రాసుంటదా?" అంది పోశవ్వ. "నిన్ను ఇచ్చిన నాడు నువ్వు తొర్రూరు దానివి. ఇయ్యాల ఎక్కడి దానివంటరు? సుబేదారి దానివంటరు. ఆడిపిల్లకో తీరు, ఈగకో తీరా?"

కమల తాను చదివిన జువాలజీ పుస్తకాలన్నీ మనసులోనే తిరగేసింది. "లొట్టి విప్పకండి. ఆయన వచ్చినంక చూద్దాం" అని మాత్రం గట్టిగా చెప్పింది. ఆమె తల్లీ తండ్రీ అన్నం తిని, బర్రెను పిండే వేళకు అందుకోవాలని తొర్రూరు బస్సెక్కారు.

వాళ్లు అటు పోయారో లేదో లింగమ్మ కొంగు దోపింది. సారె వచ్చిందంటే ఇంటింటికీ పంచాలి. పంచని సారె చెల్లదు. సకినాలు ఇంటికి ఇన్నని లెక్క పెట్టింది, లడ్డూలు లెక్క పెట్టింది. తర్వాత లొట్టి వైపు చూసింది.

"వద్దు పెద్దమ్మా!" అంది కమల. ఆమె రెండు చేతులూ గోరింటాకు ముద్ద. లేవబోతే చీరకంటుతుందని పక్కనున్న ఇద్దరూ భుజాలు పట్టుకొని కూర్చోబెట్టారు.

"సారెల వచ్చింది సారె గాదా? ఒక్క నీ ఇంట్లనే ఉంటే హైదరాబాదు సారు నమ్ముతడా? వాడకట్టంత ఉంటెనే గద ఊరంటరు!" అంది లింగమ్మ. ఆ మాటలో ఉన్న తర్కానికి కమల ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. ఆ క్షణంలోనే చిన్న చిన్న ముంతలు వచ్చాయి, గుడ్డ ముక్కలు వచ్చాయి. లింగమ్మ తడిగుడ్డ కప్పి, ఒడుపుగా వంచి, తట్టి, ప్రతి ముంతలోకీ కాసిన్ని ఈగలను దింపింది. మీద బొట్టు పెట్టింది. సకినాలు, లడ్డూ, ఈగలు, ఇంటింటికీ వాటా. కుమార్‌పల్లిలో ఉన్న తన బిడ్డ ఇంటికి కూడా ఒక ముంత పంపింది. ఈగలు పుచ్చుకున్నవాళ్లు గోడకు తేమ చూసి, పగులు చూసి, భక్తిగా మూత విప్పారు.

ఒక్క రాజక్క ఇంటికి మాత్రం ఏమీ పోలేదు. రాజక్క ఇల్లు వాడకట్టుకు సరిగ్గా నడుమ ఉంటుంది. నల్లా దగ్గర వరుస తప్పిందని ఎండాకాలంలో లింగమ్మకూ ఆమెకూ పడిన కొట్లాట ఇంకా తెగలేదు. ఆ ఇంటికి ఈ ఇంటికి ఇచ్చిపుచ్చుకోవడాలు బంద్. గడపలో నిలబడ్డ రాజక్క కళ్ల ముందు నుంచే ముంతలు అటూ ఇటూ పోయాయి.

సారంగపాణి తిరిగి వచ్చేసరికి గోరింటాకు ఎర్రగా పండింది. కమల చేతులు చూపించబోయింది. అతను చేతులు చూడలేదు. ఆమె భుజం మీదుగా గోడను చూశాడు.

"కమలా, కదలకు" అన్నాడు.

గొట్టం ఆనించాడు. పీల్చాడు. చేతి అద్దం పెట్టి చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పక్కింటికి పరుగెత్తాడు, ఆ పక్కింటికి పరుగెత్తాడు. ప్రతి ఇంటివాళ్లూ "రా బిడ్డా, ఇగో గీ గోడకు మస్తుగున్నయి" అని పిలిచి మరీ చూపించారు. సాయంత్రానికి మంచమెక్కి, పటం పక్కన తాను గీసుకున్న సుబేదారి వీధుల బొమ్మలో ఇంటింటికీ ఎర్రసూది గుచ్చుతూ ఈల వేశాడు. అతను ఈల వేయగా కమల వినడం అదే మొదటిసారి. దిగి వచ్చి, ఆమె పండిన చేతులు రెండూ పట్టుకొని గిరగిరా తిప్పాడు.

"బీహారు లేదు, టెంటు లేదు!"

కమల చెప్పాలనే నోరు తెరిచింది. ఆ ఈల ఇంకొక్కసారి వినాలనిపించి మూసుకుంది. తెల్లారాక చెబుదామనుకుంది. తెల్లారేసరికే అతను పోస్టాఫీసుకు పోయి హైదరాబాదుకు ట్రంకు కాలు చేసేశాడు.

మధ్యాహ్నం కాకముందే రాజేశ్వర్ రావు జీపులో దిగాడు. ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగిన కొద్దీ ఆయన కనుబొమలు పైకి పోయాయి. వాడకట్టంతా గోక్కుంటోంది. అయినా ఎవరి ముఖంలోనూ చిరాకు లేదు, అందరూ తృప్తిగా గోక్కుంటున్నారు. చివరికి ఆయన రాజక్క ఇంటి ముందు ఆగిపోయాడు.

"ఈ ఈగ ఒక గంతుకు జానెడు దూరం పోదు" అన్నాడు సారంగపాణితో. "ఇటు ఇంట్లో ఉంది, అటు ఇంట్లో ఉంది. మధ్యలో ఈ ఇంట్లో లేదు. దీన్ని ఎలా దాటింది? ఎందుకు వదిలేసింది?"

లోపలికి పోయి గోడ వాసన చూశాడు. గోరుతో సున్నం గీకి నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పగా ఉంది! ఏం కలిపారమ్మా ఈ గోడకు?"

"ఏం కలపలే సారూ. మా మామ గాడనే ఆనుకొని కూసుంటడు. చెమట" అంది రాజక్క.

ఆయన ఉమ్మలేదు, మింగలేదు. "సరే. మరి ఇంత దూరం దాటి కుమార్‌పల్లిలో ఒకే ఒక్క ఇంట్లో ఎలా దిగింది? ఆ ఇంటికీ ఈ వీధికీ ఏమిటి సంబంధం? తేమా?"

"తేమ గాదు సారూ, మా బిడ్డ" అంది లింగమ్మ.

రాజేశ్వర్ రావు ఆ మాట వినిపించుకోలేదు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ప్రపంచంలో ఇసుక ఈగను తరిమే గోడ ఇంకెక్కడా లేదన్నాడు. ఈ ఇంటి మట్టి హైదరాబాదు పోవాలన్నాడు. సారంగపాణి భుజం తట్టి, "ఈ వీధంతటికీ ఉన్నది ఈ అమ్మకు మాత్రమే లేదు. అదే ఈమె అదృష్టం!" అన్నాడు.

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. శుక్రవారం నుంచి గొంతులో కుక్కుకున్నదంతా రాజక్కకు ఒక్కసారిగా పొంగింది.

"ఎట్లుంటయి సారూ? ఇస్తె గద ఉండేది! వాడకట్టుకంత పంచిండ్రు. సకినాలు పంచిండ్రు, ఈగలు పంచిండ్రు, నా గడప ముంగటనుంచే పట్టుకపోయిండ్రు. నా గోడలు గోడలు గావా? నా ఇంట్ల ఈగ కూసుంటే దాని కాళ్లు నల్లగైతయా?"

వీధిలో గోకుడు ఆగిపోయింది.

"దానికి మతి లేదు సారూ, నల్లా కాడి పంచాది మనసుల పెట్టుకొని మాట్లాడుతాంది" అంది లింగమ్మ, కమల వైపు కళ్లు పెద్దవి చేసి చూస్తూ. మిగతా ఆడవాళ్లు కూడా కమలకు కనుసైగలు చేశారు. ఒకామె చెయ్యి అడ్డంగా ఊపింది.

రాజేశ్వర్ రావు కమల వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నవారు. మీరు చెప్పండమ్మా. ఈమె అంటున్నది నిజమా?"

కాదంటే చాలు. కాదంటే స్టవ్వు బుస్సుమంటుంది, సైకిలు ఉంటుంది, ఈల ఉంటుంది. కమల మొగుడి వైపు చూసింది. జేబులో గొట్టంతో, భుజం మీద ఇంకా అధికారి చెయ్యి పడ్డ చోటే చూసుకుంటూ, పసివాడిలా నిలబడి ఉన్నాడు. చూడనిదే ఒక్క సూది గుచ్చని మనిషి. మంచం మీద పడుకొని రోజూ తలెత్తి చూసేది ఆ పటాన్నే.

"నిజమే సార్" అంది. "అవి తొర్రూరు ఈగలు. మా అవ్వగారింటి సారె."

సారంగపాణి వెనక్కి తిరిగాడు. గదిలోకి పోయాడు. మంచమెక్కి ఎర్రసూదులు ఒక్కొక్కటే పీకి అగ్గిపెట్టెలో వేయసాగాడు. ఒక్కో సూది టక్కుమని పడుతుంటే కమలకు తన మట్టెలు ఊడదీస్తున్నట్టు ఉంది. దగ్గరికి పోయి అగ్గిపెట్టె తాను పట్టుకుంది.

"నిన్ననే చెప్పాల్సింది" అంది.

"నిన్న నేను ఈల వేస్తున్నాను కదా" అన్నాడు సారంగపాణి, ఆమె మనసు చదివినట్టు.

వెనకాలే వచ్చిన రాజేశ్వర్ రావు నోట్లో ఇంకా ఉప్పు రుచితో పటం చూస్తున్నాడు. ఆయన వేలు తొర్రూరు మీద ఆగింది. "ఇక్కడ సూది ఏది?"

"అత్తగారి ఊరు సార్."

"అయితే?"

"కొట్టంలోకి రానివ్వరు సార్."

"అత్తగారి ఊరైతే ఈగ ఉండదా! పదండి" అని ఆయన గొడుగు తీసుకున్నాడు.

కమలను కూడా ఎక్కించుకొచ్చిన జీపు తొర్రూరులో కట్టయ్య వాకిట్లో ఆగింది. అల్లుడు వచ్చాడు, అల్లుడితో పాటు అల్లుడి పెద్దసారు వచ్చాడు. క్షణంలో మంచాలు వాలాయి, దుప్పట్లు పరుచుకున్నాయి, పెరట్లో కోడి అరిచింది. రాజేశ్వర్ రావు కొట్టం వైపు లేచినప్పుడల్లా కట్టయ్య రెండు చేతులూ పట్టుకొని కూర్చోబెట్టాడు.

"సర్కారు పని మీద వచ్చానయ్యా!"

"సర్కారు మీకు, అల్లుడు మాకు. అల్లుని సారంటే మాకు అల్లుని కంటె ఎక్కువ. గా పెండల మీరు కాలు వెడితే ఊరు మా మీద ఉమ్మేస్తది. ఇంకో ముక్క వేసుకోండ్రి."

ఆయన ఇంకో ముక్క వేసుకున్నాడు. సారంగపాణి తల వంచుకొని కూర్చున్నాడు. ఇక్కడికి మూడోసారి వచ్చాడు, మూడోసారీ కోడికాలు చేతికి వచ్చింది.

అప్పుడు తట్టింది కమలకు. అల్లుణ్ణి ఆపుతారు, అధికారిని ఆపుతారు. ఇంటి ఆడపిల్ల బర్రె కొట్టంలోకి పోతే ఎవరాపుతారు? ఆమె పుట్టినప్పటి నుంచి పెండ తీసిన కొట్టమే కదా అది. సారంగపాణి జేబులోంచి గొట్టం లాక్కుంది, కొంగు దోపింది. పోశవ్వ ఆమెను చూసి, "పోయేదానివి పోతన్నవు గని బర్రెకు జర కుడితి వెట్టు" అంది.

కమల బర్రెకు కుడితి పెట్టింది. తర్వాత చీకటి మూల గోడ పగులు దగ్గర గొట్టం ఆనించి, మొగుడు పీల్చే తీరుగా, సుతారంగా పీల్చింది. బయటికి వచ్చి ఎండలో గాజు పైకెత్తింది. లోపల రెక్కలు పైకెత్తుకొని ఒక ఈగ, పెళ్లిపీటల మీద కూర్చున్నంత బుద్ధిగా. కాళ్లు నాలుగు వైపులా వెండిలా మెరిశాయి.

రాజేశ్వర్ రావు ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి అద్దంలోంచి చూశాడు. సారంగపాణి చూశాడు. ఊరంతా వరుసగా వచ్చి చూసింది. "మన కట్టయ్య బిడ్డ ఈగ" అని మెచ్చుకుంది.

రాజేశ్వర్ రావు ఆలోచించి తీర్పు చెప్పాడు. సుబేదారి వాడకట్టంతా డీడీటీ కొట్టించాలి, రాజక్క ఇంటితో సహా. ఈగ ఉన్నది తొర్రూరులో కాబట్టి ఈగల మనిషి ఉండాల్సిందీ తొర్రూరులోనే. కొట్టం పక్కనే గది కావాలి. టెంటు అవసరం లేదు, మామగారి ఇల్లు ఉంది.

సారంగపాణి ముఖం పాలిపోయింది. "సార్, అత్తగారింట్లోనా? ఇల్లరికమా?"

"సర్కారు ఇల్లరికం" అన్నాడు రాజేశ్వర్ రావు. "బీహారు కావాలంటే చెప్పు."

కమల నవ్వు ఆపుకోలేక బర్రె వెనక్కి పోయి నవ్వింది.

సుబేదారి ఖాళీ చేసే రోజు కమల మిగిలిన సకినాలన్నీ ఒక ముంతలో పెట్టి, బొట్టు పెట్టి, లింగమ్మ చూస్తుండగానే రాజక్క ఇంటికి పోయి ఇచ్చింది. రాజక్క ముంత మీది గుడ్డ తీసి లోపలికి చూసింది. మళ్లీ చూసింది.

"ఈగలేవి?" అంది.

"అయిపోయినయి అక్కా."

"అంతే తీ. నా వంతు వచ్చేసరికి అన్నీ అయిపోతయి" అంది రాజక్క. ముఖం మాత్రం విప్పారింది.

బస్సు కదిలే వేళకు వాడకట్టంతా వచ్చింది. అందరి చేతుల్లో కమల సారె ముంతలు. తెల్లగా డీడీటీ మరకలు పడ్డా గుడ్డలు కొత్తవి కట్టారు, బొట్లు కొత్తవి పెట్టారు. "ఉత్తగ ఎట్లిస్తం బిడ్డా, అరిష్టం గాదూ?" అంటూ కిటికీలోంచి ఒక్కొక్కటే ఒళ్లో పెట్టారు. అన్నిటికంటే పెద్దది రాజక్కది.

కండక్టరు విజిల్ వేశాడు. కమల ఒళ్లో ముంతలు, సారంగపాణి ఒళ్లో చుట్టగా చుట్టిన జిల్లా పటం. ఇద్దరి భుజాలూ బస్సు కుదుపుకు కొట్టుకుంటున్నాయి. ఊరు దాటాక రాజక్క ముంతలోంచి సన్నగా పాట మొదలైంది. సారంగపాణి చెవి ఆనించి విన్నాడు.

"దోమలు" అన్నాడు. "సుబేదారివి. తొర్రూరులో దిగాక వీటికి ఏ రంగు సూది గుచ్చాలి కమలా?"

కమల రాజక్క కట్టిన ముడి బిగువును వేలితో తడిమి చూసింది. అతని భుజం మీద తల ఆనించి, "ముందు ముంత విప్పకండి" అంది.